కాలి నొప్పి కంటే ముందు కంచం సంగతి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, ఎత్తు 162 సెంటీమీటర్లు. కొండాపూర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా సరదాగా పరుగెత్తుతున్నాను. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ చేద్దామని జనవరిలో ఒక రన్నింగ్ గ్రూపులో చేరాను. వారానికి 20 కిలోమీటర్లు ఉండేది ఏప్రిల్ నాటికి 45 అయింది. ఒక ఆదివారం అందరితో కలిసి 12 నుంచి ఒకేసారి 18కి వెళ్లాను. కోచ్ మెషీన్ మీద నిలబెట్టి ఒంట్లో కొవ్వు 26 శాతం ఉందని, 18కి దించాలని చెప్పారు. రాత్రి అన్నం మానేశాను. పొద్దున బ్లాక్ కాఫీతో పరుగు, పదిన్నరకు రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కూర, పెరుగు, సాయంత్రం ఒక పండు, రాత్రి సలాడ్, రెండు గుడ్ల తెల్లసొన. 55 కిలోల నుంచి 50కి వచ్చాను. మెషీన్ ఇప్పుడు 24 అంటోంది. మార్చిలో కార్బన్ ప్లేట్ షూస్ (అడుగున బిరుసైన కార్బన్ పలక ఉండే జోడు) కొని అన్ని రోజులూ వాటితోనే పరుగెత్తాను. మే నెలలో కుడికాలి ఎముక లోపలివైపు ఒకచోట నొప్పి మొదలైంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఎమ్మారైలో స్ట్రెస్ రియాక్షన్ (ఎముక చిట్లకముందు దానికి తగిలే దెబ్బ), గ్రేడ్ 2 అని వచ్చింది. ఆరు వారాలు పరుగు వద్దన్నారు, మూడు వారాలు గడిచాయి. నొప్పి తగ్గింది. ఆగస్టుకి సిద్ధం కాగలనా? పరుగు లేదు కాబట్టి బరువు పెరగకుండా తిండి ఇంకా తగ్గించాలా? ఏ షూస్ కొనాలి? ఫిబ్రవరి తర్వాత పీరియడ్స్ రాలేదు. పరుగెత్తే అమ్మాయిలకు అది మామూలే అని కోచ్ అన్నారు. అమ్మ మాత్రం అసలు పరుగే మానేయమంటోంది.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ముందు మీరు అడిగిన రెండు ప్రశ్నలకు ఒక్కో మాటలో జవాబు చెప్పేస్తాను. ఆగస్టులో హాఫ్ వద్దు. తిండి తగ్గించొద్దు, పెంచండి, ఇవాళ రాత్రి నుంచే.

మీరు ఉత్తరం చివర్లో పోతూ పోతూ రాసిన నెలసరి సంగతిని నేను అన్నిటికంటే ముందు తీసుకుంటాను. మీ కాలిలో ఏం జరిగిందో అర్థం కావాలంటే అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. మూడు నెలలు దాటి పీరియడ్స్ రాకపోతే అది పరీక్షలు చేయించుకోవాల్సిన విషయం. పరుగెత్తే ఆడవాళ్లలో ఇది చాలామందికి కనిపిస్తుంది, ఆ మాట నిజమే. చాలామందికి వచ్చినంత మాత్రాన అది ఆరోగ్యం అయిపోదు. ఇంకో నాలుగు నెలలు చూద్దాం అనుకోకుండా ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి.

మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. గంటకో గంటన్నరకో ఒకసారి అది పంపే సంకేతాలతోనే నెలసరి చక్రమంతా నడుస్తుంది. ఒంట్లోకి వచ్చే తిండి, పరుగుకు ఖర్చయ్యేదానికీ మిగతా శరీరం నడవడానికీ కలిపి చాలకపోతే ఆ సంకేతాలు మందగిస్తాయి. గుండె, ఊపిరితిత్తులు ఆగితే బతుకు లేదు. బిడ్డను కనే ఏర్పాటు కొన్నాళ్లు ఆగినా బతుకు ఆగదు. అందుకని శరీరం ముందు దాన్ని పక్కన పెడుతుంది. దానితో ఈస్ట్రోజన్ పడిపోతుంది. ఎముకను తవ్వే కణాలకు కళ్లెం వేసేది ఈస్ట్రోజనే. కళ్లెం వదులైతే తవ్వకం పెరుగుతుంది. పూడ్చడానికి కావాల్సిన సరుకేమో అర్ధాకలి ఒంట్లో దొరకదు. వారానికి 20 కిలోమీటర్ల నుంచి 45కి పెంచుకుంటూ మీరు పరుగెత్తింది అలాంటి ఎముక మీద.

1997లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ తిండి సమస్య, నెలసరి ఆగడం, ఎముక బలహీనపడడం అనే మూడింటినీ ఒకే గొలుసుగా చూడాలని చెప్పింది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దాన్ని ఇంకా విస్తరించి రెడ్స్ (క్రీడల్లో తిండికీ ఖర్చుకీ మధ్య వచ్చే శక్తి లోటు) అనే పేరు పెట్టింది, 2023లో కొత్త వివరాలతో సవరించింది. జీర్ణం, నిద్ర, మనసు, రోగనిరోధక శక్తి, గుండె వరకూ దీని దెబ్బ తగులుతుందని, మగవాళ్లకూ వస్తుందని అందులో ఉంది. మగవాళ్లకు నెలసరి లాంటి గంట మోగదు కాబట్టి వాళ్లలో ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. మీ గ్రూపులో బరువు తగ్గించుకుంటున్న అబ్బాయిలు ఉంటే వాళ్లకూ ఈ మాట చేరవేయండి. లైంగిక కోరిక తగ్గడం, ఎప్పుడూ చలిగా ఉండడం, పడుకున్నా అలసట తీరకపోవడం వాళ్లకు కనిపించే గుర్తులు.

ఇప్పుడు మీ లెక్క మీకే చూపిస్తాను. మీరు రాసిన భోజనం మొత్తం ఎంత ధారాళంగా కట్టినా 1,200 కేలరీలు దాటదు. పరుగుకు అయ్యే ఖర్చు దాదాపు కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి ఒక కేలరీ. మీరు వారానికి అయిదు రోజులు, రోజుకు తొమ్మిది కిలోమీటర్లు పరుగెత్తారు అనుకుంటే రోజుకు 450. మిగిలింది 750. మీ 50 కిలోల్లో కొవ్వు తీసేస్తే ఉండేది 38 కిలోలు. ఆ 38 కిలోల కండ, ఎముక, మెదడు, కాలేయం అన్నీ ఆ 750తో నడవాలి. కిలోకు 20 కూడా రాలేదు. ఆరోగ్యంగా నడవాలంటే కిలోకు 45 దాకా కావాలి. 30 కంటే కిందికి పోతే హార్మోన్ల సంకేతాలు తడబడతాయని ఆన్ లూక్స్ అనే శాస్త్రవేత్త 2003లో చూపించారు. ఆ ప్రయోగంలో మార్పు కనిపించడానికి పట్టింది అయిదే అయిదు రోజులు. మరుసటి ఏడు అదే బృందం ఎముక కట్టే పని కూడా అంతే త్వరగా మందగిస్తుందని తేల్చింది. 30 అనేది అందరికీ ఒకే చోట గీసిన గీత కాదు, కొందరికి దాని పైన కూడా చక్రం ఆగుతుంది. మీరు ఏ గీతకు చూసినా చాలా కిందనే ఉన్నారు.

45 చొప్పున 38 కిలోలకు 1,710 కేలరీలు. పరుగు ఉన్న రోజు 450 కలిపితే 2,160. అంటే రోజుకు దాదాపు వెయ్యి కేలరీల లోటుతో మీరు పరుగెత్తారు. ఇప్పుడు పరుగు లేదు కదా, తగ్గించనా అని అడిగారు. పరుగు లేకపోయినా ఆ 1,710 ఉండాల్సిందే, పైగా ఎముక అతుక్కునే పనికి అదనంగా కావాలి. 1,900 తగ్గకుండా చూసుకోండి. బరువు రెండు మూడు కిలోలు పెరుగుతుంది. పెరగనివ్వండి, మీకు అది వైద్యంలో భాగం.

ఆ మెషీన్ సంగతి కూడా మాట్లాడాలి. అది పాదాల నుంచి, కొన్నిట్లో చేతుల నుంచి సన్నని కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూసి, ఒంట్లో నీళ్లెన్నో ఊహించి, అందులోంచి కొవ్వును లెక్క కడుతుంది. పరుగెత్తి చెమట కక్కి వచ్చి నిలబడితే ఒక అంకె, రెండు గ్లాసుల నీళ్లు తాగి గంట తర్వాత నిలబడితే ఇంకో అంకె చూపిస్తుంది. 26కీ 24కీ మధ్య తేడా దాని సొంత పొరపాటులోనే మునిగిపోయేంత చిన్నది. ఎక్స్‌రేలతో ఎముకనూ కొవ్వునూ కొలిచే డెక్సా స్కాన్ అంతకంటే నమ్మకమైనదే, దానిక్కూడా ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఉంటుంది.

సరే, మెషీన్ చెప్పిందే నిజమనుకుందాం. 55 కిలోల్లో 26 శాతం అంటే కొవ్వు 14.3 కిలోలు. 50 కిలోల్లో 24 శాతం అంటే 12. తగ్గిన అయిదు కిలోల్లో కొవ్వు 2.3 మాత్రమే. మిగతా 2.7 కిలోలు కొవ్వు కానివే, అంటే కండ, నీరు, కండల్లో దాచుకున్న పిండిపదార్థం. మీరు నోరు కట్టుకుని సాధించిన దాంట్లో సగానికి పైగా పరుగుకు పనికొచ్చేదే పోయింది. ఇంకొంచెం ముందుకెళ్దాం. ఇప్పుడున్న 38 కిలోలను అలాగే ఉంచి కొవ్వును 18 శాతానికి దించాలంటే మీ బరువు 46.3 కిలోలు కావాలి. 162 సెంటీమీటర్ల ఎత్తుకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకె) 17.6. ఆసుపత్రిలో ఆ అంకె చూస్తే తక్కువ బరువు అని రాస్తారు. ఈ లెక్క కాగితం మీద వేసి ఉంటే 18 అనే లక్ష్యం ఎవరి నోటా వచ్చేది కాదు.

ఒకే బరువు, ఒకే ఎత్తు ఉన్నా ఒంట్లో కొవ్వు మనిషికీ మనిషికీ ఎంత మారుతుందో చెప్పడానికి పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటోనే లాన్సెట్ పత్రికలో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌ది 21.2 శాతం. వాళ్లు మాట్లాడింది షుగరు జబ్బు గురించి. నేను దీన్ని ఇక్కడ గుర్తు చేసేది ఎవరో విదేశీ ఎలైట్ రన్నర్ల పట్టికలోని అంకెను తీసుకొచ్చి కొండాపూర్ అమ్మాయికి లక్ష్యంగా పెట్టడం ఎంత తప్పో చెప్పడానికి. మీ శరీరం బాగా నడిచే కొవ్వు శాతం ఎంతో మీ నెలసరి, మీ నిద్ర, మీ పరుగు చెప్తాయి. ఏ పట్టికా చెప్పదు.

బరువు తగ్గితే వేగం పెరుగుతుందన్న మాటకు పునాది లేకపోలేదు. మొదటి కొన్ని నెలలు కొందరికి నిజంగానే వేగం పెరుగుతుంది, అందుకే అందరూ నమ్ముతారు. అమెరికాలో మేరీ కేన్ అనే అమ్మాయి 17 ఏళ్లకే 2013 మాస్కో ప్రపంచ అథ్లెటిక్స్‌లో 1500 మీటర్ల ఫైనల్ పరుగెత్తింది. ఆ తర్వాత పేరున్న శిక్షణ బృందంలో చేరింది. 2019 నవంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో ఆమె చెప్పిన దాని ప్రకారం, అక్కడ ఆమెను 114 పౌండ్లకు, అంటే 52 కిలోలలోపుకు దిగమని ఒత్తిడి చేశారు. మూడేళ్లు నెలసరి రాలేదు, అయిదు ఎముకలు విరిగాయి. ప్రపంచంలో ఎవరికీ లేనంత ప్రతిభ, ఎవరికీ దొరకనన్ని వసతులు ఉన్న అమ్మాయికే అర్ధాకలి పరుగు అక్కరకు రాలేదు. మీ కోచ్ చెడ్డవారని నేను అనడం లేదు. దూరం, వేగం, వాలు ఇవి ఆయనకు తెలిసిన విషయాలు కావచ్చు. మీ బరువు, మీ నెలసరి మాత్రం ఆయన చేతిలో పెట్టాల్సినవి కావు.

తిండి దగ్గరికి వద్దాం. రాత్రి అన్నం మళ్లీ మొదలుపెట్టండి, పప్పు, కూర, నెయ్యి, పెరుగుతో. ఓర్పు పరుగుకు బియ్యం శత్రువు కాదు, ఇంధనం. పిండిపదార్థాలు బాగా తగ్గించిన తిండితో మూడున్నర వారాలు సాధన చేసిన ప్రపంచస్థాయి రేస్ వాకర్లలో (వేగ నడక పోటీల క్రీడాకారుల్లో) ఎముక అరిగే గుర్తులు పెరిగి, కట్టే గుర్తులు తగ్గాయని ఆస్ట్రేలియాలో జరిగిన ఒక అధ్యయనం 2020లో చూపించింది. గుడ్డులో పచ్చసొన పారేయకండి, ఇనుము, విటమిన్ డి, కొవ్వు అన్నీ ఉన్నది అందులోనే. రాత్రి సలాడ్‌ను పక్కన చిన్న గిన్నెలో పెట్టుకోండి. మీలాంటి వాళ్లను ఎక్కువగా మోసం చేసేది సలాడే. పీచు, నీళ్లతో కడుపు నిండుతుంది, ఆకలి చచ్చిపోతుంది, ఒంటికి చేరే కేలరీలు మాత్రం కొన్నే.

పరుగు మళ్లీ మొదలయ్యాక ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. లేవగానే ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు చాలు. వచ్చాక పదిన్నర దాకా ఆగకండి. అరగంట, గంటలోపు పెసరట్టు ఉప్మా అయినా, గుడ్లతో దోసె అయినా, పెరుగన్నం అయినా తినండి. రోజంతా కలిపి సరిపడా తిన్నా, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గంటల తరబడి లోటులో ఉన్న క్రీడాకారిణుల్లో నెలసరి సమస్యలు ఎక్కువగా కనిపించాయి. ఆఫీసు బ్యాగులో పల్లీ పట్టీ, నువ్వుల ఉండలు పెట్టుకోండి, మీటింగుల మధ్య తినడానికి. మాంసకృత్తులు రోజుకు 75 నుంచి 80 గ్రాములు రావాలి. మూడు గుడ్లు, రెండు కప్పుల పెరుగు, ఒక గ్లాసు పాలు, ఒక పెద్ద కప్పు పప్పు, గుప్పెడు పల్లీలు, అన్నం చపాతీల్లో వచ్చేదీ కలిపితే దగ్గరకు వస్తుంది. మాంసాహారం తింటే ఇంకా తేలిక.

కాల్షియం పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించి చెప్పింది. రాగుల్లో 100 గ్రాములకు దాదాపు 350 ఉంటుంది, కానీ ఒక గ్లాసు జావలో పడేది 30 గ్రాముల పిండే. అంటే దానివల్ల వచ్చేది నూరు మిల్లీగ్రాములు. జావ తాగుతున్నాను కదా అని ఆగిపోకుండా పాలు, పెరుగు, నువ్వులు కలుపుకోండి. విటమిన్ డి పరీక్ష చేయించుకున్నాకే మాత్రలు వేసుకోండి. 60,000 యూనిట్ల సాషేలు ఎవరో చెప్పారని నెలల తరబడి తాగేవాళ్లను చూస్తున్నాను, అది కూడా హానే.

గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు చివరి ఏడాది పీరియడ్స్ తేదీలు, బరువు మారిన తీరు, వారానికి ఎంత పరుగెత్తారో ఒక కాగితం మీద రాసుకెళ్లండి. గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్, పీసీఓఎస్ లాంటి వేరే కారణాలు లేవని తేలాకే దీన్ని తిండి లోటు అని నిర్ధారిస్తారు. నేను పరుగు నేర్పే మనిషిని, ఆ నిర్ధారణ వాళ్లే చేయాలి. హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా అడగండి. డెక్సా స్కాన్ అవసరమా అని అడగండి, మీ వయసుకు అందులో చూసేది జెడ్ స్కోరు, అంటే మీ ఎముకను మీ వయసు వాళ్లతో పోల్చి చెప్పే అంకె. ఒక్క విషయంలో జాగ్రత్త. చక్రం తెప్పించడానికి గర్భనిరోధక మాత్రలు రాస్తే, ఎందుకని ప్రశ్నించండి. వాటితో నెలనెలా రక్తస్రావం కనిపిస్తుంది, కానీ అది మాత్ర ఆపినప్పుడు వచ్చేదే. లోపల సంకేతాలు ఆగే ఉంటాయి, ఎముక బాగుపడదు, మీకేమో అంతా సర్దుకుందన్న భ్రమ కలుగుతుంది. ఎముక కోసం, చక్రం కోసం మాత్రమే ఆ మాత్రలు వాడొద్దని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2017లోనే చెప్పింది. తిండి సరిచేశాక నెలసరి తిరిగి రావడానికి కొందరికి రెండు మూడు నెలలు, కొందరికి ఏడాది పడుతుంది.

ఇక ఎముక. ఆరోగ్యంగా ఉన్న ఎముక కూడా రోజూ కొంచెం కొంచెంగా తవ్వి, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. తవ్వడానికి రెండు మూడు వారాలు పడితే పూడ్చి గట్టిపడడానికి మూడు నెలల దాకా పడుతుంది. రోడ్డు తవ్వి కొత్త తారు వేసిన చోట అది ఆరకముందే లారీలు వదిలితే ఏమవుతుందో, జనవరి నుంచి మీరు దూరం పెంచుకుంటూ పోయినప్పుడు మీ ఎముకకు అదే జరిగింది. తొలి వారాల్లో స్ట్రెస్ గాయాలు ఎక్స్‌రేలో తరచూ కనిపించవు, అందుకే మీకు బాగానే ఉందని వచ్చింది. ఎమ్మారై తీయించిన డాక్టరు మంచి పని చేశారు. పిక్క పక్కన అయిదు సెంటీమీటర్లకు పైగా పరుచుకుని నొప్పి పెట్టేది షిన్ స్ప్లింట్స్. వేలు పెట్టి ఇక్కడే అని చూపించగలిగే నొప్పి ఎముకదే అయ్యుండే అవకాశం ఎక్కువ. ఈ తేడా మీ గ్రూపులో అందరికీ తెలిసి ఉండాలి.

12 నుంచి 18కి వెళ్లిన ఆ ఆదివారం గురించి ఒక మాట. వారానికి పది శాతం మించి పెంచొద్దన్న సూత్రం ఎప్పటినుంచో ఉంది. నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్ల మీద పరీక్షించి చూస్తే అది పాటించిన వాళ్లకూ పాటించని వాళ్లకూ గాయాల్లో తేడా రాలేదు. 2025లో అయిదు వేలకు పైగా రన్నర్లను గమనించిన పరిశోధన ఒకటి వేరే చోట వేలు పెట్టింది. గత 30 రోజుల్లో పరుగెత్తిన అతి పెద్ద దూరాన్ని ఒకే పరుగులో పది శాతానికి మించి దాటితే గాయాల ముప్పు పెరుగుతోందని. మీరు ఆ ఒక్కరోజు యాభై శాతం దాటారు. వారం మొత్తం కంటే ఆదివారం లాంగ్ రన్ మీద ఎక్కువ కన్నేసి ఉంచండి.

ఆరు వారాలు అన్నది కనీసం. క్యాలెండర్ కాదు, కాలు చెప్పాలి. ఆ చోట గట్టిగా నొక్కినా నొప్పి ఉండకూడదు. 30 నుంచి 45 నిమిషాలు వేగంగా నడిచినా, ఆ రోజూ మర్నాడు పొద్దునా నొప్పి తెలియకూడదు, ఇలా వరసగా అయిదారు రోజులు గడవాలి. తర్వాత ఒంటికాలి మీద పది గెంతులు నొప్పి లేకుండా వేయగలగాలి. నొప్పి మాత్ర వేసుకుని ఈ పరీక్షలు పెట్టుకోవద్దు. బ్రూఫెన్ లాంటివి ఎముక అతుక్కునే పనికి కూడా అడ్డుపడవచ్చు. ఇవన్నీ దాటాక, మీ డాక్టరు సరేనన్నాక, రోజు విడిచి రోజు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, మొత్తం 20 నిమిషాలు. మూడు సార్లు నొప్పి లేకపోతే పరుగు నిమిషాలు పెంచండి. కేబీఆర్ పార్క్ చుట్టూ ఎగుడుదిగుడు దారి ఇప్పుడే వద్దు. చదునైన ట్రాకో, మీ అపార్ట్‌మెంట్ ట్రెడ్‌మిల్లో చాలు. ముందు దూరం తిరిగి రావాలి, తర్వాత వేగం, ఆ తర్వాత ఫ్లైఓవర్లు. అడుగు కొంచెం చిన్నది చేసి నిమిషానికి అడుగుల సంఖ్య అయిదు నుంచి పది శాతం పెంచితే ఎముక మీద బరువు తగ్గుతుంది.

ఈ లెక్కన ఆపకుండా 30 నిమిషాలు పరుగెత్తేసరికే ఆగస్టు చివరికి వస్తారు. హైదరాబాద్ హాఫ్‌లో ఫ్లైఓవర్లు, ఆ నెల ఉక్కపోత మీకు తెలిసినవే. వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోండి. ఈలోపు కాలు, నెలసరి రెండూ కుదుటపడితే జనవరి తర్వాత ఏదైనా 10కె చూసుకోవచ్చు. అప్పటివరకూ సైకిల్, నడుముకు బెల్టు కట్టుకుని లోతు నీళ్లలో పరుగు చేయొచ్చు, వారానికి మూడు నాలుగు సార్లు, తిన్నది కరిగించడానికి మాత్రం కాదు. పిక్కలకు మడమలు ఎత్తే వ్యాయామం, మొదట రెండు కాళ్ల మీద, తర్వాత ఒంటికాలి మీద, చివరికి చేతిలో బరువుతో. తుంటికి, తొడలకు బరువుల వ్యాయామం వారానికి రెండు రోజులు ఫిజియో దగ్గర నేర్చుకోండి. ఇన్నాళ్లూ కోల్పోయిన కండ తిరిగి వచ్చేది అక్కడే.

షూస్ గురించి తక్కువ చెప్తాను, ఎందుకంటే మీ కథలో వాటి పాత్ర తక్కువ. 2017లో వచ్చిన తొలి కార్బన్ ప్లేట్ జోడు వేగంగా పరుగెత్తే మగ రన్నర్లలో సగటున నాలుగు శాతం శక్తి ఆదా చేసింది. నెమ్మదిగా పరుగెత్తే వాళ్లలో ఆ లాభం బాగా తగ్గిపోతుంది, కొందరిలో ఉండదు. బిరుసు ప్లేటు పాదం వంగే తీరును మార్చి భారాన్ని వేరే ఎముకల మీదికి నెడుతుంది. ఈ షూస్‌తో పరుగెత్తి పాదంలోని నావిక్యులర్ ఎముక దెబ్బతిన్న అయిదుగురి వివరాలు 2023లో డాక్టర్లు ప్రచురించారు. అయిదుగురిని చూసి ఏదీ రుజువైందనలేం. కానీ రోజూ తొడుక్కోవడానికి అవి చేసినవి కావు. రేసు రోజుకు, అంతకు ముందు రెండు మూడు పరుగులకు ఉంచుకోండి.

రోజువారీకి మామూలు కుషన్ ఉన్న జోడు తీసుకోండి. పాదం వంపు చూసి, పాదం లోపలికి వాలుతోందని చెప్పి ఖరీదైన జోడు అంటగట్టే దుకాణాల మాట నమ్మక్కర్లేదు. అమెరికా సైన్యంలో వేలమందికి పాదం ఆకారాన్ని బట్టి షూస్ ఇచ్చి చూస్తే గాయాలు తగ్గలేదు. సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వెళ్లి, వేళ్ల ముందు బొటనవేలి గోరంత ఖాళీ వదిలి, మడమ జారకుండా, నాలుగు అడుగులు పరుగెత్తి చూసి, కాలికి హాయిగా ఉన్నదే కొనండి. వీలైతే రెండు వేర్వేరు రకాలు మార్చి మార్చి వాడండి. లక్సెంబర్గ్‌లో 264 మందిని 22 వారాలు గమనిస్తే అలా మార్చి వాడినవాళ్లలో గాయాల ముప్పు 39 శాతం తక్కువ కనిపించింది. 500 నుంచి 800 కిలోమీటర్లు తిరిగాక కొత్తవి చూసుకోవాలి.

మీ అమ్మగారు పరుగు మానేయమనడంలో నేను ఆమె పక్షం కాదు. పరుగు ఎముకకు మంచిదే, తగినంత తిన్న ఒంటికి. కానీ మీరు చిక్కిపోతున్నారని, కంచంలో అన్నం లేదని ఇంట్లో ముందు చూసింది ఆవిడే అయ్యుంటుంది, ఆ చూపు నిజమైనదే. ఈ మూడు నెలలు భోజనం ఆమె వడ్డించినంత తినండి. తిండి పెంచాలంటేనే భయం వేస్తే, అన్నం ముద్ద దిగకముందే కేలరీలు గుర్తొస్తుంటే, అది ఒంటరిగా గెలవాల్సిన పోరాటం అనుకోవద్దు. క్రీడాకారులను చూసే డైటీషియన్‌ను, అవసరమైతే సైకాలజిస్టును కలవండి. కోచ్‌కు రెండే మాటలు చెప్పండి. ఇకపై నన్ను మెషీన్ ఎక్కించొద్దు, నా బరువు గురించి గ్రూపులో మాట్లాడొద్దు. ఒప్పుకుంటే ఆ గ్రూపులోనే కొనసాగండి. ఒప్పుకోకపోతే హైదరాబాద్‌లో రన్నింగ్ గ్రూపులకు కొదవలేదు.

నొప్పి రాత్రిపూట లేపినా, నడకలో కుంటు వచ్చినా, నొప్పి ఎముక లోపలి అంచు నుంచి ముందు భాగానికి మారినా ఆరు వారాల అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముందు భాగంలో వచ్చే పగులు త్వరగా అతకదు, పూర్తిగా విరగవచ్చు. మళ్లీ పరుగు మొదలుపెట్టాక గజ్జలో, తొడ పైభాగంలో లోతుగా నొప్పి వస్తే ఆ పరుగు అక్కడే ఆపి, ఇంటికి ఆటోలో వెళ్లి, అదే రోజు ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి.